సర్కారే అత్తగారైతే?

అఫ్గానిస్తాన్ సంగతెత్తితే పక్కింటి వదిన తేల్చేసింది: "వాళ్ళ మతం, వాళ్ళిష్టం. మనకెందుకు?"

మతమే అయితే, ఆరో తరగతి దాటిన ఆడపిల్లకి బడి మూసేసిన ముస్లిం దేశం ఇంకొకటి చూపించమనండి! అది 2021లో గద్దెనెక్కిన తాలిబన్ల రూలు. 72 కిలోమీటర్లు దాటే ప్రయాణమైతే మగతోడు లేని ఆడవాళ్ళని బండి ఎక్కించుకోకూడదు. మా అమ్మాయి భద్రాచలం నుంచి ఖమ్మం కాలేజీకి ఒక్కతే బస్సెక్కుతుంది. నూరు కిలోమీటర్ల పైనే, అడవి దారి. 2024లో వంటింటి మీదా పడ్డారు. పక్కింటి వంటగది కనిపించేలా కొత్త ఇళ్ళకి కిటికీలు ఉండకూడదట. వదినా నేనూ కూరగిన్నెలు మార్చుకునేది ఆ కిటికీలోంచే మరి!

ఆచారాలు మనకీ లేవా? 'ఆ మూడు రోజులు' నన్ను దూరం కూర్చోబెట్టిన అత్తగారితో పదేళ్ళు పోట్లాడి మాన్పించాను. అలిగి పుట్టింటికీ వెళ్ళాను (రెండు రోజులే లెండి). లాఠీ పట్టుకున్న సర్కారే అత్తగారైతే, అలిగి ఎక్కడికి వెళ్ళాలి వదినా?