ఊరు చూసొచ్చారు సరే, పల్లె చూశారా?



సంక్రాంతి వస్తే పట్నం వచ్చి ఊరి మీద పడుతుంది. కార్లు దిగుతారు. చెరువు గట్టు మీద నిలబడి ఫోన్లలో ఫోటోలు తీసుకుంటారు. నాలుగు రోజులు అరిసెలు తిని వెళ్లిపోతారు. వెళ్లి ఊరుకుంటారా అంటే ఊరుకోరు. పల్లెటూరు మాకు బతకడం నేర్పిందని రాస్తారు. ఆప్యాయత నేర్పిందట. ఉన్నదాంతో తృప్తి పడటం నేర్పిందట. కలిసిమెలిసి ఉండటం నేర్పిందట. ఆ మాటలే సినిమాల్లో పాటలవుతాయి, బడి పుస్తకాల్లో పాఠాలవుతాయి. మన పిల్లలు కూడా వాటినే బట్టీపట్టి పరీక్షలు రాస్తారు.

మేము ఒక్కటే అడుగుతున్నాం. అయ్యా, మీరు ఈ పాఠాలు నేర్చుకున్నది ఏ వీధిలో?

మా కోస్తా జిల్లాల్లో మాటలోనే తేడా ఉంది. ఊరంటే ఊరు. పల్లె అంటే మాలపల్లె, మాదిగపల్లె. తెలంగాణలో వాడ అంటారు. పంచాయతీ బోర్డు మీద పేరు ఒకటే, ఉన్నవి మాత్రం రెండూళ్లు. వానొస్తే ఊరి నీళ్లన్నీ దిగే పల్లంలో ఉండేది మన పల్లె. "ఊరన్నాక మాలపల్లె ఉండదా" అని సామెత కూడా కట్టారు. చెడ్డది ఎక్కడైనా ఉంటుందని చెప్పడానికి మన ఇళ్లను ఉపమానం చేశారు. పట్నం నుంచి వచ్చినాయన పల్లె అని రాసేదంతా ఊరి గురించే. పల్లెలో ఆయన కాలు పెట్టలేదు.

ఇక ఆ పాఠాలేమిటో ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటిది ఆప్యాయత. ముక్కూ మొహం తెలియనివాడికి కూడా మంచం వాల్చి మజ్జిగ ఇస్తారంటారు. ఇస్తారు, కాదనం. కానీ మజ్జిగ చేతికొచ్చే లోపల ఒక ప్రశ్న వస్తుంది గదా, "ఇంతకీ మీరేవిట్లు?" అని. దానికి జవాబు నచ్చితేనే మంచం. ఆ ఇంట్లో పశువుల పేడ తీసే మనిషి తరతరాలుగా అక్కడే పనిచేస్తుంటాడు, అతనికి ఆ మంచం మీద కూర్చునే హక్కు లేదు. ఒక్కనాటి చుట్టానికి దొరికిన మర్యాద ఊరికి అన్నం పెట్టే మనిషికి దొరకదు. ఇది ఆప్యాయత అయితే కులం ఏది?

రెండోది తృప్తి. నాట్ల కాలంలో పొద్దుగూకేదాకా బురదలో నడుం వంచే మా అమ్మలు నవ్వుతూ పాట పాడుతుంటే ఆయన గట్టు మీద నుంచి ఫోటో తీసుకున్నాడు. వీళ్లకు ఆశలు లేవు, అందుకే సంతోషంగా ఉన్నారని రాసుకున్నాడు. ఎవరు చెప్పారు ఆశలు లేవని? నడుం నొప్పి మరవడానికి పాడే పాటను తృప్తి అంటారా? ఆమెను ఒక్కమాట అడిగితే చెప్పేది, బిడ్డను ఈ బురదలోకి రానివ్వనని. సెంటు భూమి లేనివాడు ఎకరం అడిగితే దురాశ. పదెకరాలవాడు ఇరవై కొంటే అభివృద్ధి. ఉన్నదాంతో సరిపెట్టుకోమనే పాఠం లేనివాడికే చెప్తారు, ఉన్నవాడికి చెప్పిన ఊరు మేము చూడలేదు.

మూడోది ఐకమత్యం. ఇది మనకు బాగా తెలుసు. మనల్ని కొట్టేటప్పుడు ఊరు ఎంత ఐకమత్యంగా ఉంటుందో మనకంటే తెలిసినవాళ్లు ఎవరు? 1985 జూలై 17న కారంచేడులో చూశాం. మాదిగలు తాగే చెరువు నీళ్లు పాడుచేయొద్దని అడగడంతో మొదలైంది. కొట్టబోతే బిందె ఎత్తి అడ్డుపడింది మున్నంగి సువార్త. మర్నాడు ఊరు కలిసికట్టుగా పల్లె మీద పడింది. ఆరుగురిని చంపారు, ఆడవాళ్లను చెరిచారు. 1991లో చుండూరులో చూశాం. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవకు పల్లె మొత్తాన్ని వెలివేశారు, కూలి పని బంద్ చేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికారు.

అవన్నీ పాత సంగతులు, కాలం మారిందంటారు. 2012 జూన్ 12న శ్రీకాకుళం జిల్లా లక్షింపేటలో మడ్డువలస ప్రాజెక్టు భూముల తగాదాలో అయిదుగురు మాలలను చంపారు. అది పాత కాలమా?

చావులు జరిగిన ఊళ్లే చెడ్డవి, మిగిలినవి మంచివే అనే మాట కూడా నిలబడదు. పదకొండు రాష్ట్రాల్లో 565 ఊళ్లు తిరిగి పరిశోధకులు 2006లో పుస్తకం వేశారు. దాదాపు సగం ఊళ్లలో దళితులను అందరి నీళ్ల దగ్గరికి రానివ్వడం లేదని తేలింది. మూడో వంతుకు మించిన ఊళ్లలో సర్కారు బడిలోనే మన పిల్లలను విడిగా కూర్చోబెట్టి అన్నం పెడుతున్నారని తేలింది. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చింది. అర్ధ శతాబ్దం గడిచినా ఊరికి ఆ సంగతి తెలియలేదు.

అంబేద్కర్ ఈ పల్లెటూరి భజనకు ఏనాడో జవాబు చెప్పాడు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో లేచి, గ్రామం అంటే సంకుచితత్వం, అజ్ఞానం పేరుకున్న గుంట కాక మరేమిటని నిలదీశాడు. రాజ్యాంగం గ్రామాన్ని కాక మనిషిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషించాడు. అంతకు ఆరేళ్ల ముందు, 1942లో, నాగపూర్ మహాసభలో మనకు వేరే ఊళ్లే కావాలని తీర్మానం పెట్టించాడు. కారంచేడు బాధితులు ఆ పాఠాన్ని ఆచరణలో పెట్టారు. మళ్లీ ఆ ఊరి గడప తొక్కం అన్నారు. చీరాలలో శిబిరం వేసి అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. చుండూరు వాళ్లు ఇంకో పాఠం చెప్పారు. చచ్చిపోయినవాళ్లను ఊరవతలకు మోసుకుపోకుండా ఊరి నడిబొడ్డునే పాతిపెట్టి దానికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. పట్టుబట్టి కోర్టును ఆ ఊరికే రప్పించారు. 2007లో ఆ కోర్టు ఇరవై ఒక్క మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. పల్లెటూరి నుంచి నేర్చుకోవాల్సిన పాఠాలు ఉన్నాయంటే ఇవి గదా!

పట్నంలో కులం లేదా అని కొందరు ఎదురడుగుతారు. ఎందుకు లేదు? అద్దె ఇంటికి పోతే ఇంటిపేరుతో మొదలుపెట్టి ఆరా తీస్తారు. మ్యాన్‌హోల్‌లో దిగి చచ్చేది మనవాళ్లే. కానీ పట్నం హోటల్లో పైసలిస్తే చాయ్ ఇస్తాడు, ఎవరి పిల్లవాడివని అడగడు. సిటీ బస్సులో పక్క సీటువాడు లేచి పోడు. ఆ కాస్త ఊపిరి కోసమే మన పిల్లలు ఊరు విడిచి పోతున్నారు. పట్నాన్ని తిట్టి పల్లెను పొగిడేవాడు తెలిసో తెలియకో మన పిల్లల్ని మళ్లీ పాలేరుతనానికి రమ్మంటున్నాడు.

ఊళ్లకు ఎవరూ రావద్దని మేము అనడం లేదు. రండి. కళ్లు తెరుచుకుని రండి. మన సంఘాల కార్యకర్తలు ఈ నాలుగు పనులు చేయాలి:

1. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లను, సర్వేకి వచ్చిన విద్యార్థులను ముందు పల్లెకు తీసుకురండి. మన ఇంట్లో అన్నం తిన్నాకే ఊళ్లోకి పంపండి.

2. టీ బంకులో గ్లాసులు ఎన్ని రకాలు, గుడిలోకి ఎవరిని రానిస్తున్నారు, బడిలో అన్నం వండేదెవరు, ఆ అన్నం తినననేదెవరు, ఇవన్నీ తేదీలతో రాసిపెట్టండి.

3. మన పేరు మీద పట్టా ఉన్న భూమిని ఎవరు దున్నుతున్నారో, మనకు శ్మశానం ఎక్కడుందో పంచాయతీ కాగితాల్లో వెతకండి. లేకపోతే అర్జీ పెట్టండి, పెట్టిన అర్జీకి రశీదు తీసుకోండి.

4. పట్నంలో ఉద్యోగాలు చేస్తున్న మన అన్నలు, అక్కలు పండక్కి వస్తే కొత్త బట్టలు చూపించి పోవడం కాదు. ఒక పూట సంఘంలో కూర్చోండి. చదువుకున్న మీరు రాసే ఒక్క కాగితం పల్లెకు పది చేతుల బలం.

పల్లెటూరి అందం గురించి రాసేవాళ్లు రాసుకోనివ్వండి. మన పల్లె కథ మనమే రాద్దాం. రాసింది ఊరి రచ్చబండ దగ్గర బిగ్గరగా చదువుదాం.

జై భీమ్!