హోస్ట్ పేరు మీదైతే లెక్కా మీ దగ్గరే ఉండాలి

"బేస్‌మెంట్ ఖాళీగానే ఉంది కదా, ఎయిర్‌బీఎన్‌బీలో పెడితే నాలుగు డాలర్లు వస్తాయి" అని మనలో ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. వెంటనే కొత్త దుప్పట్లు కొనేస్తాం. పర్మిట్, ట్యాక్స్ మాట వచ్చేసరికి "అవన్నీ ఆయన చూసుకుంటార్లే" అనేస్తాం. ఆ మాట మనం మానుకోవాలి.

ఆలోచించండి. దుప్పట్లు ఉతికేది మీరు, బాత్రూమ్ కడిగేది మీరు, తాళం రావట్లేదని గెస్ట్ అర్ధరాత్రి ఫోన్ చేస్తే లేచేది మీరు. అకౌంట్ కూడా మీ పేరు మీదే ఉంటే, రేపు సిటీ నుంచి నోటీసు ఎవరికొస్తుంది?

"బీసీలో మా తోడికోడలు బేస్‌మెంట్ ఇస్తోందిగా, మనమెందుకు ఇవ్వకూడదు?" అంటారు. ఏ ఊరి రూలు ఆ ఊరిదే. బ్రిటిష్ కొలంబియాలో 2024 మే 1 నుంచి పదివేలు దాటిన చాలా ఊళ్లలో మీరుండే ఇంటినీ, దాంతోపాటు అదే స్థలంలో ఉన్న ఒక్క సూట్‌నీ ఇవ్వొచ్చు, మీ సిటీ ఇంకా కఠినమైన రూలు పెట్టకపోతే. టొరంటోలో అలా కాదు. విడిగా వంటిల్లు, బాత్రూమ్ ఉన్న బేస్‌మెంట్ సూట్‌ని పైన ఉండే ఇంటావిడ రోజుల లెక్కన ఇవ్వకూడదు. అందులోనే కాపురం ఉన్నవాళ్లే ఇవ్వాలి. మీరుండే భాగంలో మూడు గదుల దాకా ఇవ్వొచ్చు. మీరు ఊరెళ్లినప్పుడు ఇల్లంతా ఇస్తే ఏడాదికి 180 రాత్రులు దాటకూడదు. 28 రోజులకు తక్కువ ఉండే ప్రతి అద్దెకూ ముందు సిటీలో రిజిస్టర్ అవ్వాలి.

తర్వాత ట్యాక్స్. టొరంటో వసతి పన్ను 6 శాతం ఉండేది. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఖర్చుల కోసం 2025 జూన్ 1 నుంచి 2026 జూలై 31 దాకా 8.5 శాతం చేశారు. అంటే మూడు రాత్రులకు 300 డాలర్ల అద్దె అయితే 25 డాలర్ల 50 సెంట్లు సిటీవి. అది మన సంపాదన కాదు, గెస్ట్ దగ్గర తీసుకుని సిటీకి అప్పజెప్పే డబ్బు. ఆ పన్ను యాప్ కడుతోందా, మీరు కట్టాలా అన్నది మీరే చూసుకోండి.

అసలు దెబ్బ ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఉంది. 2024 జనవరి 1 నుంచి, రూలుకి విరుద్ధంగా ఇచ్చిన రోజులకు ఖర్చులేవీ తగ్గించుకోనివ్వరు. 20,000 వచ్చి, వడ్డీ, కరెంటు, క్లీనింగ్ కలిపి 12,000 ఖర్చయిందనుకోండి. రూలు పాటిస్తే ట్యాక్స్ 8,000 మీదే. పాటించకపోతే మొత్తం 20,000 మీదా.

"ఈ గొడవంతా ఎందుకు, తెలిసినవాళ్లకి క్యాష్‌కి ఇచ్చేద్దాం" అంటారా? క్యాష్ అయినా ఆదాయమే. పైగా రూళ్లన్నీ డబ్బు కోసమే కాదు. 2023 మార్చిలో ఓల్డ్ మాంట్రియల్‌లో ఓ భవనం కాలిపోయి ఏడుగురు చనిపోయారు. రోజుల అద్దెకు అనుమతి లేని ఆ చోట కొందరు అలాగే దిగి ఉన్నారు. మన ఇంట్లో పడుకున్న మనిషి ప్రాణం మన బాధ్యతే.

కుదరకపోతే బేస్‌మెంట్‌ని ఏడాది అద్దెకు ఇవ్వండి. సెప్టెంబరులో సూట్‌కేసులతో దిగే మన పిల్లలు ఇల్లు దొరక్క తిరుగుతూనే ఉంటారు. అయితే ఆ అద్దెకీ వేరే చట్టం ఉంది, అదీ తెలుసుకోండి.

ఈ వారాంతం ఓ గంట కూర్చోండి. మీ సిటీ వెబ్‌సైట్ మీరే చదవండి. లాగిన్, పాస్‌వర్డ్, రసీదులు మీ చేతిలో పెట్టుకోండి. ఊళ్లో ఉన్న అమ్మలూ, అత్తయ్యలూ, మీకూ ఒక మాట. "ఎంత వస్తోందే?" అని అడిగే ముందు "పర్మిట్ ఉందా అమ్మా?" అని అడగండి.