తెర వెనుక: చైనా దొరసానికి దుస్తులు

ఈ ఏడు మన పిల్లల నాటకంలో హాన్ రాజుల కాలపు చైనా ప్రభుకుటుంబ స్త్రీ పాత్ర ఒకటుంది. దుస్తుల బాధ్యత ఎప్పటిలాగే నాకప్పగించారు. "ఎర్ర పట్టు మీద బంగారు డ్రాగన్, పక్కన చీలిక ఉన్న బిగుతు గౌను అద్దెకు దొరుకుతుంది కదండీ" అన్నారు కొందరు. ఆ గౌను 1920ల షాంఘై ఫ్యాషన్. మన పాత్ర దానికి రెండువేల ఏళ్ల ముందుది. మొల్లకు పంజాబీ డ్రెస్సు తొడిగి వేదిక ఎక్కిస్తే మనం ఊరుకుంటామా?

ఊహించుకోవలసిన అవసరం కూడా లేదు. 1972లో చాంగ్షా నగరంలోని మావాంగ్‌దుయ్ దగ్గర దాయ్ ప్రభువు భార్య షిన్ జుయ్ సమాధి తవ్వారు. క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దంలో, సుమారు యాభయ్యో ఏట పోయిన మనిషి. దేహంతో పాటు బట్టలూ నిలిచాయి. వాటిలో ఒక పలుచని పట్టు నిలువుటంగీ పొడవు 128 సెంటీమీటర్లు, చాచిన చేతుల కొస నుంచి కొసకు 190. బరువు 49 గ్రాములు, ఒక కోడిగుడ్డు తూగినంత! నాన్‌జింగ్ నేతగాళ్లు దానికి నకలు నేయబోతే మొదట 80 గ్రాములు దాటిందట. ఇప్పటి పట్టుపురుగులు బలిసి దారం లావెక్కడమే కారణం. ఎన్నో ఏళ్లు తంటాలుపడి, చివరికి 2019లో 49.28 గ్రాములకు తెచ్చారు.

మనకంత పనితనం అక్కర్లేదు. పలుచని నైలాన్ చాలు. కానీ ఒక్క విషయంలో రాజీ లేదు. ఎడమ పొర కుడిపొర మీదుగా వచ్చి కుడి చంక కింద ముగియాలి. తిరగేస్తే చైనా సంప్రదాయంలో అది శవానికి తొడిగే తీరు. ప్రేక్షకుల్లో మన చైనీస్ ఇరుగుపొరుగు కుటుంబాలు కూర్చుంటాయి, గుర్తుంచుకోండి.

పాదాలు బిగగట్టే ఆచారం అప్పటికింకా పుట్టలేదు గనుక అమ్మాయి కుంటుతూ నడవనక్కర్లేదు. సమాధిలోని పట్టు చిత్రంలో ఆమె చేతికర్ర ఆనుకుని నిలబడింది, వెనుక దాసీలు. కర్ర ఒకటి చూడాలి.

పై అంగీ మీద మబ్బుల అల్లిక గొలుసుకుట్టుతో వేయాలి, ఆమె బట్టల మీద ఉన్నదీ ఆ కుట్టే. జరీ లేని గోధుమరంగు పాత పట్టుచీర ఎవరింట్లోనైనా ఉంటే ఇప్పించండి. గొలుసుకుట్టు వచ్చిన అమ్మలు, అమ్మమ్మలు శనివారం మధ్యాహ్నాలు మా ఇంటికి రండి. టీ, పకోడీ నా వంతు.