పడవలో కరెంటు దొడ్డి

నెల రోజులుగా మన కుటుంబం గ్రూపులో నడుస్తున్న చర్చకి నా జవాబు ఇక్కడ రాస్తున్నాను, ఫోన్లో ఇంత టైపు చెయ్యలేక.

లా రోషెల్‌లో ఉన్న మా మేనల్లుడు పాత తెరచాప పడవ కొన్నాడు. 34 అడుగులది. అందులో చేత్తో పంపు కొట్టే దొడ్డి ఉంది. దాన్ని తీసేసి కరెంటుది పెట్టిస్తానంటే యానాంలో సగంమంది నవ్వారు. తాతల నాటినుంచి గోదావరి మీద పడవలెక్కాం, ఇవన్నీ ఎవరికి కావలసొచ్చాయి అని. గోదావరిలో కాసేపు ఓపిక పడితే గట్టు వస్తుంది. బిస్కే అఖాతంలో రాదు. పైగా ఆ పడవెక్కేది మా అక్కయ్య. డెబ్భై దాటాయి, భుజం లేవదు. పడవ ఒరిగిపోతుంటే ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో ఇరవైసార్లు పంపు కొట్టమంటే ఆవిడ చేసేది ఒకటే, మంచినీళ్ళు తాగడం మానేస్తుంది. బస్సు ప్రయాణాల్లో మన ఆడవాళ్ళు ఇప్పటికీ చేసేది అదేగా. అంచేత పెట్టించాల్సిందే.

బ్యాటరీ అయిపోతుందన్న భయం అనవసరం. 12 వోల్టుల మోటారు 18 ఆంపియర్లు లాగుతూ 40 సెకన్లు తిరిగిందనుకోండి, ఖర్చు 0.2 ఆంపియర్ అవర్లు. రోజుకి ఇరవైసార్లు నొక్కినా నాలుగే. భయపడాల్సింది వైరు గురించి. సన్నవైరు వేస్తే దారిలోనే వోల్టేజి పడిపోయి మోటారు మూలుగుతుంది, వైరు కాలుతుంది. లావు వైరు, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, ఈ రెండిట్లో పిసినారితనం వద్దు.

అంతకన్నా ముఖ్యమైనది గొట్టం వంపు. బేసిను సముద్రపు నీటిమట్టానికి కిందుంటే, గొట్టాన్ని ఆ మట్టం దాటి బాగా పైకి తీసుకెళ్ళి తిప్పి, వంపు నెత్తిన గాలి పీల్చే వాల్వు పెట్టాలి. లేకపోతే సముద్రం తనంతట తనే లోపలికి కారుతుంది. రేవులో కట్టేసిన పడవలు మునగడానికి ఇదీ ఒక కారణం. పడవ దిగేటప్పుడు అడుగునున్న కుళాయిలు కట్టెయ్యడం గ్యాసు కట్టెయ్యడం లాంటిదే.

ఇక ట్యాంకు. ఫ్రాన్సులో 2008 జనవరి 1 తర్వాత కట్టిన పడవల్లో దొడ్డి ఉంటే, రేవులోకి రావడానికి మురుగు నిలవచేసే ట్యాంకో, శుద్ధిచేసే యంత్రమో ఉండాలి. వీడి పడవ అంతకు ముందుది కాబట్టి ఈ చట్టం వర్తించదట. వర్తించకపోయినా ట్యాంకు పెట్టాలనే అంటాను. పక్క పడవ పిల్లలు ఈతకొట్టే నీళ్ళవి. ఒకసారికి రెండు లీటర్లు, నలుగురు, రోజుకి ఐదేసిసార్లు అనుకుంటే 40 లీటర్లు. మనం కాగితంతో ఊరుకోం, కడుక్కునే నీళ్ళు కూడా కలపండి. 60 లీటర్ల ట్యాంకు ఒక రోజు దాటి రాదు.

కడగడానికి సముద్రపు నీళ్ళ బదులు మంచినీళ్ళు వాడితే గొట్టాల్లో కుళ్ళిన గుడ్డు కంపు రాదు, సున్నంలా గార కూడా తక్కువ కడుతుంది. కట్టిన గారకి రాత్రంతా వెనిగరు పోసి ఉంచితే చాలు. బ్లీచింగు జోలికి పోవద్దు, రబ్బరు పాడవుతుంది. తడి తుడుపుగుడ్డలు వేస్తే పంపు అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఆగినప్పుడు ఎవరు విప్పుతారు? గ్రూపులో ఎవరూ అడగని ప్రశ్న ఇది. యానాంలో మన పాతింటికి వెనక సందు ఒకటుంది. ఎందుకుందో పిల్లలకి తెలీదు. దొడ్డి ఎత్తడానికి వచ్చే మనిషి వీధి గుమ్మంలోంచి రాకూడదని. మన ఇంట్లో ఏ తరమూ ఆ పనిని చేత్తో ముట్టుకోలేదు. మనిషి చేత అది చేయించకూడదని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకోటి వచ్చాయి, అయినా సెప్టిక్ ట్యాంకుల్లో మనుషులు చచ్చిపోతూనే ఉన్నారు. సముద్రం మధ్యలో పిలవడానికి ఎవరూ ఉండరు. ఆ దొడ్డి వాడే ప్రతివాళ్ళూ, వేసవి సెలవులకి వెళ్ళే మన పిల్లలతో సహా, చేతులకి గ్లవ్సు తొడుక్కుని పంపు విప్పడం, జోకర్ వాల్వు మార్చడం ఒడ్డునే నేర్చుకోవాలి. నేర్చుకోనివాళ్ళు పడవెక్కనక్కర్లేదు. అక్కయ్యకి మాత్రం మినహాయింపు ఇద్దామనుకుంటే, తనే ముందు నేర్పించమంది.

జోకర్ వాల్వులు అదనంగా రెండు కొనమన్నాను. వాడు ఒకటి కొన్నాడట.