ఫుల్ మీల్స్ రేటుకి ప్లేటు మీల్సా?

అమెరికాలో కొడుకో కూతురో ఉన్న ఇళ్లల్లో ఈమధ్య ఓ మాట తరచూ వింటున్నాను. "పోయినసారి నయాగరా చూశాం వదినా, ఈసారి ఫ్లోరిడా తీసుకెళ్తామంటున్నారు పిల్లలు. డిస్నీ వరల్డ్ చూపిస్తారట!" అని. మనవల చెయ్యి పట్టుకుని మిక్కీ మౌస్ పక్కన నిలబడి ఫొటో దిగడమంటే ఎవరికి మాత్రం ముచ్చటగా ఉండదు! అయితే ఆ ముచ్చటకి ఎంతవుతుందో అడిగి చూడండి. పిల్లలు మాట దాటేస్తారు. "అవన్నీ నీకెందుకమ్మా, నువ్వు రా" అంటారు. మనమేమో మనసులోనే డాలర్లని రూపాయల్లోకి మార్చేసుకుని గుండె పట్టుకుంటాం.

ఆ లెక్కలేమిటో చూద్దామని నేనూ కూర్చున్నాను. తీస్తున్నకొద్దీ ఇది ఒక్క టికెట్టు ధర సంగతి కాదని అర్థమైంది. ధర పెరిగింది, నిజమే. కానీ ఆ ధరతో పాటు వచ్చేవి ఒక్కొక్కటీ తగ్గిపోతూ వచ్చాయి. అందులోనూ పెద్ద వేటు పడింది ఎవరి మీదనుకున్నారు? ఆడి పాడి నలుగురినీ నవ్వించే కళాకారుల మీద!

మూడున్నర డాలర్లతో మొదలు

ఫ్లోరిడా రాష్ట్రంలో ఓర్లాండో ఊరి దగ్గర వాల్ట్ డిస్నీ వరల్డ్‌ని 1971 అక్టోబరు 1న తెరిచారు. అప్పట్లో పెద్దవాళ్లకి ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లు. లోపలికెళ్లాక ఒక్కో రైడ్‌కీ వేరే టికెట్టు. ఎ నుంచి ఇ దాకా అక్షరాలు వేసి, పుస్తకంలా కుట్టి అమ్మేవారు. 1982లో ఎప్‌కాట్ అనే రెండో పార్కు వచ్చేసరికి ఆ పద్ధతి పోయింది. ఒక్క టికెట్టు కొంటే లోపలున్న రైడ్లన్నీ ఎక్కొచ్చు, ఆటలూ పాటలూ ఊరేగింపులూ అన్నీ చూడొచ్చు. మన భాషలో చెప్పాలంటే ఫుల్ మీల్స్ అన్నమాట. డబ్బులిచ్చి టోకెన్ తీసుకున్నాక పప్పు, కూర, పులుసు, పెరుగు అన్నీ వాళ్లే వడ్డిస్తారు.

నాటి మూడున్నర డాలర్లు ద్రవ్యోల్బణం కలుపుకుంటే 2024లో సుమారు 27 డాలర్లతో సమానం. కానీ అక్కడి మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో ఒకరోజు టికెట్టు 2015లోనే 100 డాలర్లు దాటింది. 2018 నుంచి ఏ రోజుకారోజు ధర పద్ధతి పెట్టారు. రద్దీ ఎక్కువైతే రేటూ ఎక్కువే. 2022 చివరి రద్దీ రోజులకి 189 డాలర్లు, 2025 క్రిస్మస్ రోజులకి 199 డాలర్లు. ఇది ఒక్క మనిషికి, ఒక్క రోజుకి సుమండీ! పదేళ్లు నిండిన పిల్లాడు కూడా వాళ్ల లెక్కలో పెద్దవాడే.

హోటల్ గది... దానితో వచ్చినవీ పోయినవీ

ఇక బస సంగతి. డిస్నీ వరల్డ్ ఆవరణలోనే ఆ కంపెనీవి పాతికకు పైగా హోటళ్లున్నాయి. చవక రకం, మధ్య రకం, ఖరీదు రకం అని తరగతులు. గది అద్దె కూడా రోజుని బట్టి మారుతుంది. సెలవులొస్తే పైకి, బడులు తెరిస్తే కిందికి. దానిపైన ఆరెంజ్ కౌంటీలో 12.5 శాతం పన్ను. బయట కాస్త దూరంలో ఇంతకంటే తక్కువకే గదులు దొరుకుతాయి కదా, మరి లోపలే ఎందుకు దిగుతారు? లోపల దిగితే కొన్ని సదుపాయాలు కలిసొస్తాయని. ఇల్లాళ్ల లెక్క ఎప్పుడూ అదే కదా, రూపాయి ఎక్కువైనా ఏమేం కలిసొస్తాయని చూస్తాం.

ఇప్పుడా కలిసొచ్చేవాటి జాబితా చూడండి. విమానాశ్రయం నుంచి హోటల్‌కి ఉచిత బస్సు 2005లో మొదలైంది, 2021తో ఆగిపోయింది. హోటల్లో దిగినవాళ్లందరికీ ఉచితంగా ఇచ్చే చేతి పట్టీలు 2021లో ఆపేశారు. అన్ని హోటళ్ల వాళ్లకీ ఉండిన అదనపు గంటలు మారిపోయాయి. పొద్దున్న అరగంట ముందు లోపలికి వెళ్లడం అందరికీ ఉంది కానీ, రాత్రి అదనపు సమయం మాత్రం ఖరీదు హోటళ్లలో దిగినవాళ్లకే పరిమితం చేశారు. 2018లో అయితే హోటల్లో రాత్రిపూట కారు నిలిపినందుకు కూడా వసూలు మొదలెట్టారు! జనం గొణిగి గొణిగి, చివరికి 2023 జనవరిలో దాన్ని తీసేశారు.

అన్నిటికంటే పెద్ద మార్పు క్యూ విషయంలో. 1999 నుంచి ఫాస్ట్‌పాస్ అని ఒకటుండేది. ముందుగా సమయం తీసుకుని ఆ వేళకి వెళితే పెద్ద క్యూలో నిలబడక్కర్లేదు. దానికి పైసా ఖర్చు లేదు. 2021 అక్టోబరులో దాని బదులు జీనీ ప్లస్ వచ్చింది, మనిషికి రోజుకి 15 డాలర్లతో మొదలై. ఇప్పుడు దాని పేరు లైట్నింగ్ లేన్. 2024 అక్టోబరులో అందులోనే ప్రీమియర్ పాస్ అని ఇంకో రకం పెట్టారు. పార్కుని బట్టి, రోజుని బట్టి మనిషికి 129 నుంచి 449 డాలర్లు. ముందుగా ఎవరికి అమ్మారు? ఖరీదు హోటళ్లలో దిగినవాళ్లకి. మన గుళ్లల్లో ధర్మదర్శనం, శీఘ్రదర్శనం చూసినవాళ్లం కాబట్టి ఈ లెక్క మనకి వేరే చెప్పక్కర్లేదు.

పాటగత్తెల మీద పడిన వేటు

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. కోవిడ్ వచ్చి 2020 మార్చిలో పార్కులు మూసేశారు. జులై 11న మళ్లీ తెరిచారు. రైడ్లు తిరిగాయి, దుకాణాలు తెరుచుకున్నాయి. కానీ ఊరేగింపులు లేవు, నాటకాలు లేవు, రాత్రి ప్రదర్శనలు లేవు. గుంపులు చేరకూడదన్నారు. ఆ రోజుల్లో అది సబబే. సెప్టెంబరులో అమెరికా పార్కుల విభాగంలో 28 వేల మందిని తీసేస్తున్నట్టు కంపెనీ ప్రకటించింది. వాళ్లలో మూడింట రెండొంతులు పార్ట్‌టైమ్ వాళ్లు. అక్టోబరులో నటీనటుల యూనియన్ అయిన యాక్టర్స్ ఈక్విటీ చెప్పిన లెక్క ఇది: డిస్నీ వరల్డ్‌లో తమ సభ్యులు సుమారు 780 మంది ఉంటే, 720 మందికి ఉద్యోగాలు పోయాయి. అంటే వందలో తొంభై మందికి పైనే!

ఆ తర్వాత జనం తిరిగొచ్చారు. డబ్బూ తిరిగొచ్చింది. కళాకారులు మాత్రం చాలా నెమ్మదిగా వచ్చారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. క్యూ దాటడానికి డబ్బు కట్టించుకునే పద్ధతి 2021 అక్టోబరులో వచ్చింది. మ్యాజిక్ కింగ్‌డమ్ పగటి ఊరేగింపు తిరిగొచ్చింది 2022 మార్చిలో. అంటే డబ్బాలో వేసేది ముందొచ్చింది, కళ్లకి చూపించేది అయిదు నెలలు వెనకొచ్చింది. ఫాంటాస్మిక్ అనే రాత్రి ప్రదర్శన 2022 నవంబరు దాకా రాలేదు. చేపపిల్ల నీమో కథతో సుమారు 40 నిమిషాల సంగీత నాటకం ఒకటుండేది. అది 2022 జూన్‌లో 25 నిమిషాలకు కుదించి మొదలుపెట్టారు. జలకన్య నాటకం 2020లో ఆగిపోయింది, దాని స్థానంలో కొత్తది 2025 మేలో గానీ రాలేదు.

ఇవి కాక ఇంకో తమాషా ఉంది. హాలోవీన్ పండగ రోజుల్లో బూ టు యూ అనే ఊరేగింపు చూడాలంటే మామూలు టికెట్టు చాలదు. సాయంత్రం పార్టీకి 100 డాలర్లు దాటిన టికెట్టు విడిగా కొనాలి. ఫుల్ మీల్స్‌లోంచి కూర తీసేసి, బయట కర్రీ పాయింట్ పెట్టి అదే కూర అమ్మినట్టు లేదూ!

మొదట కళాకారులే ఎందుకు?

ఇది ఒక్క డిస్నీ జబ్బు కాదు. 1966లో విలియం బౌమల్, విలియం బోవెన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ప్రదర్శన కళల మీద ఒక పుస్తకం రాశారు. వాళ్లు చెప్పిన మాట చాలా చిన్నది. నలుగురు కలిసి వాయించే సంగీతానికి వందేళ్ల క్రితమూ నలుగురే కావాలి, ఇవాళా నలుగురే కావాలి. ఫ్యాక్టరీలో మిషను పెట్టి పదిమంది పని ఇద్దరితో చేయించుకోవచ్చు కానీ, నలుగురి పాట ఇద్దరితో సగం సమయంలో ముగించలేం. బయట జీతాలు పెరిగేకొద్దీ వాళ్ల జీతమూ పెరగాలి. అంచేత ఏటికేడాదీ కళ ఖరీదవుతుంది. మన సురభి నాటకాల వాళ్లని అడిగినా ఇదే చెబుతారు.

పార్కులో అయితే ఇంకో చిక్కు కూడా ఉంది. రైడ్‌కి యంత్రం ఒకసారి కొంటే ఏళ్ల తరబడి తిరుగుతుంది. దాని ముందు క్యూ ఉంటే లైట్నింగ్ లేన్ అమ్ముడవుతుంది. వీధి మధ్యలో నిలబడి పాడే అమ్మాయికి విడిగా టికెట్టు లేదు. ఆమె సంపాదించింది ఎంత అని ఏ పద్దులోనూ కనిపించదు. కానీ ఖర్చు మాత్రం నెలనెలా కనిపిస్తుంది. ఇంట్లో ఇల్లాలి పని సంగతి కూడా ఇంతే కదండీ? ఆమె చేసినంతకాలం లెక్కకి రాదు, మానేసినరోజు తెలుస్తుంది.

ఇంకో మాట. నాటకం నడుస్తుంటే వెయ్యిమంది ఓ అరగంట నీడపట్టున కూర్చుంటారు. కాళ్లనొప్పుల అమ్మమ్మలకీ, నిద్రకొచ్చిన పసివాళ్లకీ అదే కదా ఊరట! ఆ నాటకం తీసేస్తే ఆ వెయ్యిమందీ ఎక్కడికెళ్తారు? మళ్లీ రైడ్ల క్యూల్లోకే. క్యూ పెరిగితే దాన్ని దాటించే పాసుకి గిరాకీ. ఎవరో పన్నాగం పన్ని ఇలా చేశారని నేననను. కానీ లెక్క మాత్రం ఆ వైపే మొగ్గుతుంది.

అయిదువేల డాలర్ల గుణపాఠం

కళాకారుల్ని ఇక్కడ తగ్గించిన కంపెనీయే ఇంకోచోట వాళ్లనే బాగా ఖరీదుకి అమ్మబోయింది. 2022 మార్చి 1న స్టార్ వార్స్ సినిమాల పేరు మీద గెలాక్టిక్ స్టార్‌క్రూజర్ అనే హోటల్ తెరిచారు. వంద గదులు, రెండు రాత్రుల బస. నటీనటులు చుట్టూ తిరుగుతూ మిమ్మల్నీ కథలో పాత్రని చేస్తారు. ప్రకటించిన ధర గదిలో ఇద్దరుంటే 4,809 డాలర్లు, నలుగురుంటే 5,999. డాలరు 85 రూపాయలనుకున్నా ఇద్దరికి నాలుగు లక్షల పైమాటే! వెళ్లినవాళ్లలో చాలామంది ఆ నటుల్ని ఆకాశానికెత్తేశారు. అయినా ఏడాదిన్నరకే, 2023 సెప్టెంబరు చివర్లో మూతపడింది. ఆట బాగోలేక కాదు, అంత డబ్బు పెట్టేవాళ్లు వారంవారం దొరక్క. అందరికీ పంచాల్సిన దాన్ని కొందరికే అమ్మబోతే ఏమవుతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

రెండో వైపు కూడా చూడాలిగా

కంపెనీ వాదన కూడా వినాలి. మ్యాజిక్ కింగ్‌డమ్ ఒక్కదానికే మామూలు రోజుల్లో ఏటా కోటిన్నర మందికి పైగా వస్తారు. అంతమంది ఎగబడుతుంటే ధర ఎందుకు తగ్గిస్తారు? పైగా 2023లో యూనియన్లతో కుదిరిన ఒప్పందంతో డిస్నీ వరల్డ్‌లో కనీస వేతనం గంటకి 18 డాలర్లకి పెరిగింది. అది పెరగాల్సిందే, దాన్ని తప్పు పట్టే పనిలేదు. కానీ ఇంకో అంకె కూడా చూడాలి. 2024 ఆర్థిక సంవత్సరంలో డిస్నీ విభాగాల నిర్వహణ లాభం 15.6 వందల కోట్ల డాలర్లయితే, అందులో 9.3 వందల కోట్ల దాకా పార్కులు, ఓడలు ఉన్న విభాగానిదే. అంటే నూటికి అరవై! పాటగత్తెకి జీతమివ్వలేని ఇల్లయితే కాదు.

2022 నవంబరులో తిరిగొచ్చిన అప్పటి అధిపతి బాబ్ ఐగర్, 2023లో తానే ఒప్పుకున్నారు, లాభాల ఆత్రంలో కొన్ని ధరల విషయంలో కాస్త దూకుడుగా పోయామని. ఆయన వచ్చాక కొంత సర్దుబాటు కనిపించింది. హోటల్ పార్కింగ్ రుసుము పోయింది. 2025లో హోటల్లో దిగినరోజు వాటర్ పార్కు ఉచితం చేశారు. అదే ఏడాది జులైలో స్టార్‌లైట్ అనే కొత్త రాత్రి ఊరేగింపు మొదలైంది. 2025 మేలో ఓర్లాండోలోనే యూనివర్సల్ వాళ్ల ఎపిక్ యూనివర్స్ తెరుచుకుంది. ఎదురుగా ఇంకో కొట్టు పెడితే ఈ కొట్టువాడు తూకం సరిగ్గా వేస్తాడు, లోకరీతి!

కళాకారులూ ఊరుకోలేదు. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో మిక్కీ, సిండ్రెల్లా వంటి వేషాలు వేసేవాళ్లూ, ఊరేగింపుల్లో ఆడేవాళ్లూ సుమారు 1,700 మంది. 2024 మేలో వాళ్లు యూనియన్‌లో చేరాలా వద్దా అని ఓటేశారు. చేరాలని 953 మంది, వద్దని 258 మంది. తలమీద బరువైన బొమ్మముఖం పెట్టుకుని ఎండలో పిల్లల్ని కౌగిలించుకునే ఆ చేతులకి ఇన్నాళ్లకి ఒక గొంతు వచ్చింది.

మీరు వెళ్లేటట్టయితే...

డిస్నీ వరల్డ్‌కి వెళ్లొద్దని నేను చెప్పడం లేదు. వెళ్లండి, మనవలతో ఆడుకోండి. కాకపోతే చీర కొనేటప్పుడు కొంగు విప్పి చూసినట్టే ఇక్కడా విప్పి చూడండి. గది అద్దె అడిగినప్పుడు పన్నుతో కలిపి ఎంతో అడగండి. ఆ అద్దెలో ఏమేం కలిసున్నాయో, ఏవి విడిగా కొనాలో రాయించండి. బడి సెలవులు కాని రోజులైతే టికెట్టూ గదీ రెండూ తగ్గుతాయి. వెళ్లే వారంలో ఏ నాటకం, ఏ ఊరేగింపు ఎన్ని గంటలకుందో ముందే తెలుసుకోమనండి పిల్లల్ని. రైడ్ల వెంట పరిగెత్తడం కన్నా, పెద్దవాళ్లకి ఆ నీడలో కూర్చుని చూసే ఆటే సుఖం.

ఇంకొక్క పని. ఆట బాగుంటే బాగుందని అక్కడివాళ్లకి చెప్పి రండి, రాసి ఇవ్వమంటే రాసివ్వండి. పద్దుల్లో కనబడని మనిషి మనం మెచ్చుకుంటేనే కదా కనబడేది! తిరిగొచ్చాక మన పిల్లలు ఏది తలుచుకుంటారంటారు? అయిదు నిమిషాల రైడ్‌నా, తమ కళ్లలోకి చూసి నవ్వి చెయ్యూపిన ఆ అమ్మాయినా?