ముందు కూలి రాయండి

నాలుగేళ్ల కిందట మా డిగ్రీ కాలేజీ బీకాం పిల్లలు ఒక గుడ్డసంచి నా బల్ల మీద పెట్టి, దాని లెక్క కాగితం చేతికిచ్చారు. గుడ్డ 38 రూపాయలు, దారం పట్టీ కలిపి 7, అమ్మకం ధర 60, లాభం 15. 'కుట్టిన మనిషి కూలి ఏదమ్మా?' అన్నాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. 'ఆ లాభమే వాళ్లకు ఇచ్చేస్తాం మేడం' అంది ఒక పిల్ల.

ఆ పిల్లల మనసు మంచిది, నాకు అనుమానం లేదు. కానీ ఆ కాగితంలో కూలికి గడే లేదు. మిగిలితే ఇస్తాం అన్నారు. మిగలకపోతే?

సంచులు కుట్టింది ఐదుగురు ఆడవాళ్లు. కదిరి చుట్టుపక్కల పల్లెల వాళ్లు. వాన లేక వేరుశనగ చేలోనే ఎండిపోయి, ఇంట్లో అప్పు పెరిగిన ఏట, పని ఇప్పిస్తానన్న మనిషి మాట నమ్మి పుణె, ఢిల్లీ దాకా వెళ్లి వ్యభిచార గృహాల్లో పడి, ఎలాగో బయటపడ్డవాళ్లు. అనంతపురం సీమకు ఈ దారి కొత్త కాదు. ఏ ఊళ్లో ఏ ఇంటి తలుపు తట్టాలో దళారికి మనకంటే బాగా తెలుసు.

కూలి 35 రూపాయలు వేసి లెక్క తిరగరాయించాను. సంచి ధర 90 అయింది. అంత పెడితే కొనరని పిల్లలు భయపడ్డారు. దానికి వాళ్లకు తోచిన ఉపాయం, ప్రతి సంచికీ ఒక చీటీ తగిలించి, కుట్టినామె పడ్డ కష్టం నాలుగు వాక్యాల్లో అచ్చేయడం. పేరు మారుస్తాం, ఫొటోలో మొహం కనబడనివ్వం అన్నారు. ఆ ఐదుగురిలో పెద్దామె చీటీ చదివించుకుని, చాలాసేపటికి అడిగింది: 'నా కత రాస్తే సంచి ఇంకో నాలుగు దినాలు ఎక్కువ వస్తాదా మేడం?'

చీటీలు తీసేశాం. తన గురించి ఏం చెప్పుకోవాలో, అసలు చెప్పుకోవాలో వద్దో ఆమె ఇష్టం. 1995లో కలకత్తా సోనాగాఛీలో సెక్స్ వర్క్ చేసే ఆడవాళ్లు ఉషా పేరుతో సొంత సహకార సంఘం పెట్టుకోబోతే, గృహిణులని రాసి రిజిస్టర్ చేయించుకోమని అధికారులు సలహా ఇచ్చారు. వాళ్లు ఒప్పుకోలేదు, పోరాడి తమ పని పేరుతోనే సంఘం తెచ్చుకున్నారు. వాళ్లు చెప్పుకోదలిచారు, మా పెద్దామె చెప్పుకోదలచలేదు. రెండూ గౌరవించాల్సినవే.

ఇక మా తప్పు. ఏప్రిల్‌లో పరీక్షలు మొదలయ్యాయి, తర్వాత సెలవులు. పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయారు, నేను పేపర్లు దిద్దడంలో పడ్డాను. కత్తిరించిన గుడ్డ ముందు పెట్టుకుని ఆ ఐదుగురూ రెండున్నర నెలలు ఖాళీగా కూర్చున్నారు. జూన్ ఆఖర్లో వెళ్లేసరికి ముగ్గురే ఉన్నారు. ఒకామె టమాటా కోతలకు పోయిందన్నారు. రెండో ఆమె సంగతి ఎవరూ చెప్పలేకపోయారు. ఈ రోజుకీ నాకు తెలియదు. మనకు సెమిస్టర్ అయిపోతుంది, ఆమెకు అద్దె ఒకటో తారీఖున కట్టాలి. అంత చిన్న సంగతి ఇరవై ఏళ్లుగా కామర్స్ చెబుతున్న నాకు ముందే తట్టాల్సింది.

హైదరాబాద్‌లో 1996లో మొదలైన ప్రజ్వల సంస్థ, ఇలా బయటపడ్డ ఆడవాళ్లకు వెల్డింగ్, వడ్రంగం కూడా నేర్పింది. కుట్లు, అల్లికలు, అగరబత్తీలు దాటి ఆలోచించడం అంటే అదీ. మాకు వెల్డింగ్ నేర్పే స్తోమత లేదు. కనుక కుట్టుపనిలోనే, ఎవరి జాలీ అక్కర్లేకుండా ఏటా అమ్ముడుపోయేది ఏదని వెతికాం. దొరికింది మా వరండాలోనే: ల్యాబ్ కోటు. ప్రతి ఏడూ సైన్సు గ్రూపుల్లో కొత్తగా చేరే ప్రతి పిల్లకూ ఒకటి కావాలి. ఇన్నాళ్లూ బజారులో ఎక్కడో కుట్టినవి కొనేవాళ్లం. జేబు ఊడకపోతే చాలు, కుట్టిందెవరని ఎవరూ అడగరు. సెమినార్లకు ఇచ్చే సంచులూ అంతే.

మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ పిల్లలకు 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. వేసవిలో సర్వే చేసి, రికార్డు రాసి, సంతకం పెట్టించుకుంటే అయిపోతోంది. ఆ గంటల్ని ఏడాది పొడుగునా పరచనివ్వండి. ఆర్డర్లు తేవడం, బిల్లులు రాయడం, బ్యాంకులో ఖాతా తెరిపించడం పిల్లలు చేయాలి. ఖాతా మీద సంతకం మాత్రం ఆ ఆడవాళ్లదే కావాలి. పై తరగతి పిల్లలు వెళ్లేటప్పుడు జమాఖర్చుల పుస్తకాలు కింది తరగతికి అప్పగిస్తేనే మార్కులు వేయండి. ఇలాంటి ప్రాజెక్టుల పోటీల్లో కప్పు తెచ్చినందుకు కాదు. కాలేజీలు తమ కొనుగోళ్లలో కొంతైనా ఇటు మళ్లించాలి. ప్రిన్సిపళ్లను నేను బతిమాలి అడుగుతున్నది ఇదొక్కటే.

ఈ జూలైలో కొలతలు తీసుకోవడానికి మా పెద్దామె టేపు మెడలో వేసుకుని కాలేజీకి వచ్చింది. గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు పక్కన టైలర్ అని తనే రాసింది. సాయంత్రానికి 43 మంది కొలతలు రాసుకుంది. వెళ్తూ ప్రిన్సిపల్ గారి గదిలోకి వెళ్లి, గుడ్డకు సగం డబ్బు ముందే కావాలని అడిగింది. ఆయన చెక్కు రాసిచ్చారు.