ఒక్క పేరు వెనుక ఎందరు?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి, వైశాలి నగర్ ప్రాంతంలో పండవానీ అనగానే ముందుగా వినిపించే పేరు తీజన్ బాయి. దగ్గర్లోని గనియారీలో పుట్టి, భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తూ, తంబూర పట్టి మహాభారత కథను దేశదేశాల్లో వినిపించారు. ఆడది పాడడమేమిటని సొంత కులమే వెలివేసినా వెనక్కి తగ్గలేదు. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. అన్నిటికీ అర్హురాలే.

అయితే పండవానీ ఒక్కరి కళ కాదు. ఊ కొడుతూ, ప్రశ్నలేస్తూ కథను నడిపించే ‘రాగి’ లేనిదే ప్రదర్శన లేదు. మన బుర్రకథలో వంతల్లాగే. ఆ రాగి పేరు ఎందరికి తెలుసు?

తెలుగునాటా ఇంతే. ఊరూరా 12 మెట్ల కిన్నెర వాయించిన దర్శనం మొగులయ్య చాలామందికి తెలిసింది 2021లో ‘భీమ్లా నాయక్’ పాటతోనే. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తున్నారన్న వార్త వచ్చింది. పేరొచ్చినవారి గతే ఇదైతే పేరు రానివారి సంగతేమిటి?

లోపం ప్రసిద్ధులది కాదు, ఎంపికది. నిర్వాహకులకు జనాన్ని రప్పించే పేరు కావాలి. ప్రభుత్వానికి సన్మానించడానికి ఒక ముఖం చాలు. పారితోషికం బృందమంతటికీ అందాలి, కరపత్రంలో అందరి పేర్లూ ఉండాలి, ప్రతి ఉత్సవంలో కొత్తవారికి కొంత సమయం కేటాయించాలి. తీజన్ బాయి కూడా ఒకప్పుడు ఎవరికీ తెలియని పల్లె పిల్లే. రంగస్థల దర్శకుడు హబీబ్ తన్వీర్ ఆమె ప్రతిభను గుర్తించారు. పేరున్నవారినే పిలిచే నేటి వేదికలపై అలాంటి పిల్లకు చోటెక్కడ?